నాలుగు కిలోలు తక్కువ

ఆ రోజుల్లో నాకు ఏ వస్తువును చూసినా ముందు దాని బరువు తట్టేది, పేరు తర్వాత గుర్తొచ్చేది. తొంభైల నాటి ఖతర్‌లో, ఒక కాంట్రాక్టు కంపెనీ స్టోరులో పనిచేసే గోదావరి జిల్లా కుర్రాడికి అంతకు మించిన విద్య అక్కర్లేదు కూడా. ఇంటర్‌లో లెక్కలు తప్పి, ఆ కసితో ఎవరూ చెప్పకుండా నా అంతట నేను నేర్చుకున్న లెక్కలు నావి. (ఆ తప్పిన పేపరు ఇప్పటికీ తీరిక దొరికితే చేస్తుంటాను. అన్నీ వస్తాయి. ఆ ఒక్కరోజే రాలేదు.) స్టోరులో బోల్టుల పెట్టెలు తూచే కాటా ఉండేది. లీవుకి వెళ్ళేవాళ్ళంతా తాళ్ళతో బిగించిన అట్టపెట్టెల్ని అక్కడికే మోసుకొచ్చేవాళ్ళు. విమానం వాళ్ళు ఎంత ఒప్పుకుంటారో అంతా నింపకపోతే మనవాడికి నిద్ర పట్టదు కదా. పెట్టె పెద్దది, కాటా బల్ల చిన్నది. పెడితే పక్కకి ఒరిగిపోయేది. అందుకని ముందు మనిషిని తూచి, తర్వాత అదే మనిషి నెత్తిన పెట్టె పెట్టి తూచి, తీసివేత చేసేవాణ్ణి. అలా మా క్యాంపులో సగం మంది పేర్లు తెలియకపోయినా అందరి బరువులూ నాకు కంఠతా వచ్చేశాయి.

ఇంతలో కంపెనీకి కొత్త పికప్ కావలసి వచ్చింది. జనరేటర్‌ని ట్రాలీ మీద పెట్టి ఎడారి సైట్లకి లాక్కెళ్ళే పాత బండి, అంతకుముందు ఎండాకాలం మా డ్రైవర్‌ని ఇసుకలో వదిలేసి ప్రాణం విడిచింది. డ్రైవర్ది కరీంనగర్ వైపు పల్లె. క్యాంపంతా పెద్దన్న అనేవాళ్ళం. ఆ రోజు నీళ్ళ సీసా ఒకటి చంకలో పెట్టుకుని రోడ్డు దాకా నడిచొచ్చిన మనిషి. అందుకే కొత్త బండి ఏదైనా ఆయనకి ఒకటే షరతు. "గుంజుడు తర్వాత, తమ్మీ. ముందుగాల నన్ను ఇంటికి తేవాలె. మా ఇంటిదానికి నేను దుబాయ్‌ల ఉన్న అనే తెలుసు. ఇసుకల ఉన్న అని తెల్వది." (వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే.)

షోరూముల వాళ్ళు రెండు పెద్ద డీజిల్ బండ్లు చూసుకోమని పంపారు. ఒకటి ఎర్రది, ఎనిమిది సిలిండర్లు. స్టార్ట్ చేస్తే పక్క గోడౌన్ రేకులు కూడా మోగేవి. రెండోది తెల్లది, ఆరు సిలిండర్లు, దగ్గుతున్న ముసలాడి గొంతు. వర్క్‌షాప్ ఫోర్‌మన్ పెషావర్ మనిషి, అందరికీ చాచా. ఆయన ఎర్రదాని బానెట్ మీద చెయ్యేసి, "యే షేర్ హై", ఇది సింహం అని తేల్చేశాడు. నేను రెండింటి కాగితాలూ ముందేసుకుని నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. ఎర్రదానికి పరుగులో బలం ఎక్కువ. తెల్లదానికి ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే బలం ఎక్కువ. బరువు లాగేవాడికి కావలసింది ఆ రెండోదే. పైగా నెమ్మదిగా తిరిగే ఇంజను నెమ్మదిగా అరుగుతుంది. ఈ మాటే ముదీర్ గదిలో చెప్పాను. అడగకుండా చెప్పాను. (ఆ వయసులో ఎవరూ అడిగేదాకా ఆగే అలవాటు లేదు.)

మా ముదీర్ అంటే కంపెనీ నడిపే మేనేజరు. అరబ్బీలో హిందీ కలిపి మాట్లాడేవాడు. చాచా వైపు చూసి, నా వైపు చూసి, టీ గ్లాసు తిప్పుతూ అన్నాడు. "జుమా రోజు ఇసుకలో చూద్దాం. నీ హిసాబ్ కరెక్ట్ అయితే తెల్లది. హిసాబ్ మాఫీ కరెక్ట్ అయితే, స్టోర్‌లో ఏసీ మాఫీ. ఇంతా రో సైట్." వాళ్ళ మాటల్లో మాఫీ అంటే లేదు అని. ఇంతా రో అంటే నువ్వు పో అని. వచ్చేది జూన్ నెల. సైటులో ఇనుప చువ్వ పట్టుకుంటే చేతికి అంటుకునే నెల. నా లెక్క మీద నాకున్న నమ్మకం ఆ క్షణంలో సగానికి పడిపోయింది.

శుక్రవారం పొద్దున, అక్కడ సెలవు రోజు కాబట్టి మా క్రైస్తవులం ఆ రోజే చేసుకునే ఆరాధన ఎగ్గొట్టి (దేవుడు చూశాడు, ఆ సంగతి తర్వాత తెలిసింది) బిర్కత్ అల్ అవామిర్ అవతల ఇసుక మేట దగ్గరికి చేరాను. చూస్తే క్యాంపు బస్సు కూడా వచ్చేసింది. సెలవు రోజు, వినోదం లేదు, టీవీ పాడైపోయింది. మా పతనం చూడ్డానికి బిర్యానీ గిన్నెలతో సహా అంతా వచ్చారు. ముందు ఎర్రది. జనరేటర్ ట్రాలీ తగిలించుకుని, చాచా దూరం నుంచి పరుగెత్తించగా గర్జిస్తూ మేట ఎక్కేసింది. చప్పట్లు. తర్వాత తెల్లది. పెద్దన్న మెల్లగా క్లచ్ వదిలాడు. మేట మొదట్లోనే వెనక చక్రాలు గిర్రున తిరిగి, ఇసుక చిమ్మి, కుక్క గుంత తవ్వినట్టు తవ్వి కూర్చున్నాయి. బండి నోరెత్తకుండా నా వైపే చూస్తున్నట్టుంది.

"ఏం తమ్మీ," పెద్దన్న కిటికీలోంచి తల బయటపెట్టి అన్నాడు, "సైటుకి ఒక్కనివే పోతవా, నన్ను గూడ తోలుకపోతవా?"

ముదీర్ చేత్తో ఏసీ కట్టేసినట్టు సైగ చేశాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేక ఎర్ర బండి వైపు తిరిగాను. అప్పుడు కనబడింది. ఎర్రదాని వెనక భాగం కిందకి కుంగి ఉంది. తెల్లది ఖాళీగా, తోక ఎత్తుకున్న కోడిలా నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి తొంగిచూస్తే ఎర్రదాని వెనక తొట్టిలో గ్యాస్ సిలిండర్లు, చెయిన్ బ్లాకు, దాగలి, జాకీలు. గురువారం నా స్టోరులోంచి వెళ్ళిన సామానే.

"చాచా, ఇదంతా ఎందుకు తెచ్చారు?"

"ఆదత్ హై, బేటా. ఖాళీ బండీతో నేను మసీదుకి కూడా వెళ్ళను."

మోసం కాదు, అలవాటు. నేనే మూర్ఖుణ్ణి. ఇంజను బలం లెక్క కట్టాను గాని ఆ బలాన్ని నేలకి అదిమి పెట్టే బరువు లెక్క కట్టలేదు. వెనక బరువు లేకపోతే ఎంత బలమైనా చక్రం గాలిలో ఈత కొడుతుంది. సామాను బరువులు నోటికొచ్చినవే. కళ్ళు మూసుకుని కూడేశాను. నాలుగు వందల డెబ్బై కిలోలు. ముదీర్ దగ్గరికెళ్ళి, "రెండింటికీ సమానంగా వెనక బరువుండాలి. పరుగు తియ్యకుండా, నిలబడ్డ చోటు నుంచే లాగాలి. ఇంకొక్కసారి," అన్నాను.

"బరువు ఎక్కణ్ణుంచి తెస్తావు, ఇక్కడ ఇసుక తప్ప ఏముంది?" అన్నాడాయన.

నేను బిర్యానీ తింటున్న జనం వైపు చూశాను. జీవితంలో అంత ధైర్యంగా ఎప్పుడూ వేలు చూపించలేదు. "వంటమేస్త్రీ, ఎక్కండి. ఎనభై నాలుగు. షట్టరింగ్ అన్నదమ్ములిద్దరూ ఎక్కండి. చెరో డెబ్బై ఒకటి. తాపీ మేస్త్రీ, అరవై ఆరు."

"అరవై నాలుగే," అన్నాడు తాపీ మేస్త్రి.

"అది లీవుకి ముందు. ఇంట్లో రెండు నెలలు తిన్నారు. ఎక్కండి."

క్యాంపు కేకలతో హోరెత్తిపోయింది. అరవై రెండు కిలోలవాడు ఒకడు, సరిగ్గా అరవై ఉన్నవాడు ఇంకొకడు ఎక్కారు. నాలుగు వందల పద్నాలుగు అయింది. ఇంకా యాభై ఆరు కావాలి. ఆ ఊరేగింపులో నేనూ ఉండాలని మనసు లాగింది. గెలిచే బండి మీద నిలబడి రావడం కంటే ఏం కావాలి. తొట్టి అంచు మీద కాలు పెట్టాను.

"నువ్వెంత?" పెద్దన్న అద్దంలోంచి అడిగాడు.

"యాభై రెండు."

"నాలుగు కిలోలు తక్కువ. లెక్కంటే లెక్కే, తమ్మీ. దిగు."

దిగాను. సరిగ్గా యాభై ఆరున్న ప్లంబర్ నా భుజం మీద కాలేసి ఎక్కాడు.

గుంతలోంచి వెనక్కి జరిగి, పెద్దన్న మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి చక్రాలు తిరగలేదు, పట్టాయి. అరుపు లేదు, పొగ లేదు. దుక్కి దున్నే ఎద్దులా అడుగు తర్వాత అడుగు వేస్తూ తెల్లది ట్రాలీని మేట మీదకి ఎక్కించేసింది. పైన వంటమేస్త్రి గరిటె ఎత్తి చూపించాడు. ఇక ఎర్రది. పరుగు లేకుండా అనేసరికి చాచా గట్టిగా తొక్కాడు. అది భూమి దద్దరిల్లేలా గర్జించి, సగం మేట దగ్గర పొగ చిమ్మి, ఇరుసు దాకా కూరుకుపోయింది. ముదీర్ గడియారం చూసుకున్నాడు. "యల్లా, తీసుకురండి," అన్నాడు. తెల్లది దిగొచ్చి, గొలుసు తగిలించుకుని, తొట్టిలో ఏడుగురూ నిలబడి ఉండగానే ఎర్రదాన్ని బయటికి లాగింది. బస్సు దాకా పెళ్ళి ఊరేగింపే. చాచా దిగి గడ్డం దులుపుకుని నా చెంప మీద మెల్లగా తట్టాడు. "షేర్‌కో భీ దౌడ్ చాహియే, బేటా. పరుగు లేకపోతే సింహం కూడా పిల్లే." తెల్లదాన్నే కొన్నారు. స్టోరులో నా ఏసీ చల్లగా అలాగే ఉండిపోయింది. పెద్దన్న ఆ బండి నడిపినన్నాళ్ళూ అది ఆయన్ని ఒక్కసారి కూడా ఇసుకలో వదిలెయ్యలేదు. గెలిచిన ఆ బండి మీద ఆ రోజు నేను మాత్రం లేను. వెనకాల, ఇసుకలో, జోళ్ళు చేత పట్టుకుని పరిగెత్తాను.

ఇప్పుడు లిఫ్టు ఎక్కితే ముందు లోపల రాసిన బరువు చదివి, పక్కనున్నవాళ్ళని కూడతాను. మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. కిందటి నెల పెద్దన్న కరీంనగర్ నుంచి ఫోన్ చేశాడు. పళ్ళు పోయాయట, గొంతు మాత్రం అదే. ఆ సంగతీ ఈ సంగతీ అయ్యాక అడిగాడు. "ఇప్పుడెంతున్నవ్, తమ్మీ?"

"ఎనభై ఎనిమిది, అన్నా."

అవతల కాసేపు దగ్గులాంటి నవ్వు వినబడింది. తెల్ల బండి స్టార్ట్ అయినట్టే ఉంది.

"ఇగ ఇప్పుడెక్కు," అన్నాడు.