నల్లరాతి మీద ముఖం

బోర్డులు రాయడం, గోడల మీద ముఖాలు వేయడం నాకు ఇరవై ఏళ్ల పని. బేగంపేట దాకా కొత్త ఆఫీసులు లేచి, పేర్లన్నీ ఫ్లెక్సీల మీదికెక్కాక నా బ్రష్‌తో ఎవరికీ పని లేకపోయింది. ఆ కోపం నాకింకా పోలేదు. ఆ కోపంతోనే రాంగోపాల్‌పేట్‌లో సమాధిరాళ్లు చెక్కే ఉస్తాద్ దగ్గర చేరాను.

పెన్సిల్‌ది జాలిగుండె. తప్పు వేస్తే రబ్బరుతో పోతుంది. రంగు ఇంకా నయం, పైన మరో పూత వేస్తే కింది తప్పు గోడకు తప్ప ఎవరికీ తెలియదు. రాయి దగ్గర ఈ మొహమాటాలేం ఉండవు. పైగా అంతా తలకిందులు. కాగితం తెల్లనిది కనుక దానిమీద నీడ వేస్తాం. నల్లరాయికి నీడ పుట్టుకతోనే ఉంది, సూదిమొన ఉలితో పొడిచిన చోటే తెల్లబడుతుంది.

"వెల్తురే కొట్టు. నీడను ముట్టకు," అని ఉస్తాద్ మొదటిరోజే చెప్పాడు.

మెట్టుగూడ నుంచి ఒకావిడ కూతురి ఫొటో తెచ్చింది. ఆ పిల్ల కాల్ సెంటర్‌లో చేరిన నెలకే, డ్యూటీకి వెళ్తూ కారు ప్రమాదంలో పోయింది. పెద్దయ్యాక తీసిన ఫొటో ఐడీ కార్డు మీదిది ఒక్కటే.

"దాని కండ్లు మంచిగ రావాలె నాయనా. సమాధి కాడికి పోతే నన్ను జూసినట్టుండాలె," అంది.

నుదురు, ముక్కు, పెదవులు బాగానే వచ్చాయి. శుక్రవారం ఉస్తాద్ నమాజుకు వెళ్లినప్పుడు కళ్ల దగ్గరికొచ్చాను. కంటిపాపను నల్లగా నింపడం నా చేతికి అలవాటు. ఉలితోనూ అలాగే నింపేశాను. వెనక్కి జరిగి చూస్తే, ఆ పిల్ల రెండు తెల్లగుడ్లతో నావైపు తిరిగి ఉంది.

ఉస్తాద్ వచ్చి చూసి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కండ్లొక్కటే తీస్తే గుంట పడ్తది. ముఖం మొత్తం అరగదీయాలె," అన్నాడు.

గ్రైండర్ పట్టాను. నుదురు పోయింది, కళ్లు పోయాయి, ముక్కు పోయింది. పని ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని ఆవిడ అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడింది. మిషన్ ఆపాను. రాతి మీద పెదవులూ గడ్డమూ మిగిలాయి.

"తప్పు నాదే. మళ్లీ చెక్కుతానమ్మా," అన్నాను.

ఆవిడ దగ్గరికొచ్చి కొంగుతో రాతిపొడి తుడిచింది.

"వద్దు నాయనా. దవాఖానల సుత నాకు గింతే చూపెట్టిన్రు. కండ్ల మీది బట్ట తియ్యనియ్యలే. ఇగ పేరొక్కటి చెక్కుండ్రి."