రతీబా దూది

నూలు మిల్లుల ఊరు మహల్లాలో రతీబా అంటే మొండిఘటమని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఆమె ఒక నూలు మిల్లులో పనిచేసింది. మిల్లు మూసేసే ముందు యజమానులు "నా ఇష్టపూర్వకంగానే మానేస్తున్నాను" అన్న కాగితం మీద అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. ఆమె ఒక్కతే ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మేనేజరు బల్ల కాలి కింద దోపింది. "బల్ల ఊగుతోంది సార్, ఇందుకైనా పనికొస్తుంది" అని చెప్పి బయటికి నడిచింది. సంతకం పెట్టినవాళ్లకీ పెట్టని ఆమెకీ చివరికి దక్కింది ఒకటే, అంటే ఏమీ దక్కలేదు. అయినా ఆ రోజు తలుచుకుంటే రతీబాకి ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

మూడేళ్లుగా ఆమె బతుకంతా ఒక చిన్న బల్ల మీద నడుస్తోంది. బజారు సందులో తాళాలు చేసేవాడికీ మూలికలమ్మేవాడికీ మధ్య వేసుకుని, వేప్ అని పిలిచే ఈ-సిగరెట్ల కాయిల్స్ బాగుచేస్తుంది. దేశంలో పౌండు విలువ పడిపోయాక కొత్త కాయిల్ కొనాలంటే జనానికి గుండె గుభేలుమంటోంది. మాడిపోయినదాన్ని పారేయడానికి చేతులు రాక ఆమె దగ్గరికి తెస్తారు. చిటికెనవేలి గోరంత లోహపు గొట్టం అది, లోపలి దూది పీల్చుకున్న రసాన్ని తీగచుట్ట కాల్చి పొగ చేస్తుంది. అడుగున ఉన్న పిన్నును పట్టకారుతో లాగి, రబ్బరు రింగు ఊడదీసి, లోపల నల్లబడ్డ దూదిని బయటికి ఈడ్చేస్తుంది. గొట్టాన్ని స్పిరిట్లో నానబెట్టి వేడినీళ్లతో కడుగుతుంది. తీగచుట్టను బ్యాటరీకి కలిపి ఎర్రగా కాలనిస్తే దానికి పట్టిన మడ్డి బూడిదవుతుంది, దాన్ని కుంచెతో దులుపుతుంది. తీగే తెగిపోయి ఉంటే దబ్బనం మీద కొత్తది ఆరు చుట్లు చుడుతుంది. మీటరు పెట్టి చూసుకుని, కొత్త దూది దూర్చి, గొట్టం మూసేస్తుంది. సందులో చిన్నాపెద్దా ఆమెని ఖాల్తీ అంటారు, పిన్ని అన్నమాట.

ఈ ఖాల్తీ పొగ తాగదు. తాగేవాళ్లంటే గౌరవమూ లేదు. "నీ ఊపిరితిత్తులు నీ ఇష్టం నాయనా, నా పని కాయిల్‌తోనే" అని మొహం మీదే చెప్పేస్తుంది.

గొడవంతా దూది దగ్గర వచ్చింది. మందుల షాపు దూది ఆమెకి మొదటి నుంచీ నచ్చేది కాదు. ఒకటే బ్లీచింగు వాసన, వేళ్ల మధ్య నలిపితే సత్తువ లేని పొట్టి పోగులు. ఇంకో మిల్లులో పనిచేసే పాత స్నేహితురాలు ఒకరోజు దువ్విన పచ్చి దూది పాయ తెచ్చి ఇచ్చింది. నది డెల్టాలో పండిన పత్తి, పొడుగు పోగు. రతీబా దాన్ని చెంపకి ఆనించుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత రెండు రోజుల్లో ఆ దూదితోనే పదకొండు కాయిల్స్ కట్టింది.

అందులో ఒకటి మైక్రోబస్సు నడిపే వగ్దీది, డ్రైవర్లని అక్కడ గౌరవంగా ఉస్తా అంటారు. మూడో రోజు అతను బస్సు నడుపుతూ ఒక్క దమ్ము లాగాడు. మాడిన దూది పొగ గొంతులో దిగబడి, దగ్గు తెర ఆగక, కళ్లు మూతపడి, ముందున్న పుచ్చకాయల బండిని గుద్దేశాడు. మనుషులకేమీ కాలేదు గానీ రోడ్డంతా ఎర్రబడింది.

సరిగ్గా ఇలాంటిదానికోసమే కాచుకుని ఉన్నాడు బహ్గత్. సందు మొగలో అద్దాల తలుపుల కొట్టు అతనిది, కొత్త కాయిల్స్ అమ్ముతాడు. వగ్దీని వెంటబెట్టుకుని సందు పెద్ద హాజీ తుల్బా దగ్గరికి వెళ్లాడు. ఆ బజారులో తగాదా వస్తే పోలీసుల దాకా పోరు, పెద్దలు కాఫీ కొట్టులో కూర్చుని తీర్పు చెప్తారు. తీర్పు తనకి వ్యతిరేకంగా వస్తే బల్ల ఎత్తేస్తారని రతీబాకి తెలుసు. ఆ చెడ్డపేరు పడ్డాక ఇంకే సందులోనూ చోటివ్వరు. యాభై ఆరేళ్ల వయసులో ఆమెకి ఇంకో పని ఎవరిస్తారు?

మర్నాడు సాయంకాలం అసర్ నమాజు కాగానే అందరూ చేరారు. బహ్గత్ ముందే మొదలుపెట్టాడు.

"కరెంటు పని కరెంటు తెలిసినవాళ్లు చెయ్యాలి హాజీ. నూలు వడికే ఆడమనిషికి దీంతో ఏం పని? నిన్న పుచ్చకాయలు పగిలాయి, రేపు తలలు పగుల్తాయి."

"తల ఉన్నవాళ్లు భయపడాలి, నీకేం పోయింది బహ్గత్?" అంది రతీబా.

కాఫీ కొట్టువాడు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. హాజీ తుల్బా జపమాల బల్ల మీద పెట్టాడు. "మాటకి మాట వద్దమ్మా రతీబా. జరిగినదానికి ఏం చెప్తావో చెప్పు."

"చెప్పడానికేముంది హాజీ? విప్పి చూద్దాం."

వగ్దీ చేతిలోని వేప్ తీసుకుని, కాయిల్ ఊడదీసి, కాఫీ పళ్లెంలో పెట్టి విప్పింది. దూది రెండు చివర్లూ తడిగా ఉన్నాయి, నడుమ బొగ్గయింది. మిగిలిన పోగును రెండు వేళ్ల మధ్య రుద్దింది. జారుడుగా, మైనంలా తగిలింది. ఆమెకి సంగతి అర్థమైంది.

పచ్చి దూదికి పుట్టుకతోనే సన్నటి మైనం ఉంటుంది. బట్టల సోడా కలిపిన నీళ్లలో ఉడకబెడితేనే పోతుంది, అప్పుడే తడి పీల్చుకుంటుంది. ఆ ఉడకబెట్టే పని రంగుల విభాగం వాళ్లది. వడుకు విభాగం వాళ్లకి వాళ్లంటే చిన్నచూపు, దూది ఉసురు తీసేవాళ్లని వెక్కిరించేవారు. అందరికంటే ఎక్కువ వెక్కిరించింది రతీబాయే. ఉడికిన దూది ముట్టనని ఇరవై ఎనిమిదేళ్లు గొప్పలు పోయింది. ఆ గొప్పే ఇప్పుడు వగ్దీ గొంతు కాల్చింది.

ఆ సంగతి అక్కడున్నవాళ్లలో ఎవరికీ తెలియదు. బహ్గత్ జన్మలో కాయిల్ విప్పి చూసినవాడు కాదు. వగ్దీ చవకరకం రసం పోస్తాడు, తప్పు దానిదేనంటే అందరూ తలలూపేవారు. పట్టకారు కింద పెట్టేంతసేపు ఆ ఆలోచన ఆమె మనసులో మెదిలింది. తర్వాత ఆమెకి తన మీదే అసహ్యం వేసింది.

"గ్లాసుడు నీళ్లివ్వు" అని కాఫీ కొట్టువాడినడిగి, సంచిలోంచి పచ్చి దూది చిటికెడు తీసి అందులో వేసింది. దూది తేలింది. వేలితో ముంచితే మళ్లీ పైకొచ్చింది.

"చూశారా? ఇది నీళ్లే తాగదు, ఇక రసమేం తాగుతుంది? ఉడకబెట్టకుండా వాడాను. తప్పు నాదే."

గెలుపు ఇంత తేలిగ్గా చేతికొస్తుందని బహ్గత్ అనుకోలేదు. "విన్నారుగా హాజీ? తనే ఒప్పుకుంది. బల్ల తీయించండి."

"తప్పు ఒప్పుకున్నాను. బల్ల తీస్తానని ఒప్పుకోలేదు" అంది రతీబా. "ఉస్తా వగ్దీ, పుచ్చకాయల నష్టం నాది. మిగతా పది కాయిల్సూ ఎవరెవరి దగ్గరున్నాయో నాకు తెలుసు, ఇవాళే వెనక్కి తెచ్చుకుంటాను. ఇక నువ్వు చెప్పు బహ్గత్. నీ కొట్లో కొన్నది మాడిపోతే ఏం చేస్తావు?"

"కొత్తది కొనుక్కోమంటాను."

"ఎందుకు మాడిందో చెప్తావా?"

"నాకెలా తెలుస్తుంది? ఫ్యాక్టరీలోనే మూసి పంపుతారు."

"నాది విప్పితే తెలుస్తుంది. తప్పు నా మీదకి వచ్చినా సరే, తెలుస్తుంది."

బహ్గత్ మొహం మాడ్చుకున్నాడు. అంతలోనే ఏదో తట్టినట్టు నవ్వాడు. "సరే ఖాల్తీ, బాగుచెయ్యి. చేశాక నువ్వే పీల్చి చూపించు. ఇక్కడే, అందరి ముందూ. నీ నోట్లో పెట్టుకోలేనిది జనం నోట్లో ఎలా పెడుతున్నావు?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. విధవరాలు, మనవలున్న మనిషి, కాఫీ కొట్టులో మగవాళ్ల మధ్య కూర్చుని పొగ వదలడమంటే ఆ ఊళ్లో ఏడాదిపాటు చెప్పుకుంటారు. హాజీ తుల్బా కూడా "అదేం మాట బహ్గత్, మర్యాదగా లేదు" అన్నాడు. రతీబాకి ముందు సిగ్గు ముంచుకొచ్చి చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే కోపం వచ్చింది.

"గిన్నెలు తోముకునే సోడా ఉందా?" అని కాఫీ కొట్టువాడినడిగింది. "ఒక గిన్నె కూడా ఇవ్వు. కొత్తది ఇవ్వు, కాఫీ వాసన లేనిది."

దూది గంటసేపు ఉడికింది. ఒక్కరూ లేవలేదు. తాళాలవాడు కొట్టు వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రతీబా దూదిని ఏడు నీళ్లు మార్చి కడిగి, పిండి, కాస్త గ్లాసులో వేసింది. అది రాయిలా అడుక్కి దిగింది. మిగిలినదాన్ని పొయ్యి సెగకి ఆరబెట్టి, వగ్దీ కాయిల్‌నే తోమి, ఎర్రగా కాల్చి, దులిపి, దూది దూర్చింది. వగ్దీ రసమే పోసింది. దూది పూర్తిగా తడిసేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత వేప్ పెదాల మధ్య పెట్టుకుని మీట నొక్కింది.

దగ్గొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఛీ, పుదీనా షర్బత్తులా ఉంది. దీనికోసమా మీరంతా ఇంత చస్తున్నది? మాడు వాసన మాత్రం లేదు."

"నోట్లోనే ఉంచుకుని వదిలేసింది. లోపలికి పీల్చలేదు" అన్నాడు బహ్గత్.

ఆమె మళ్లీ పీల్చింది. ఈసారి గుండెల నిండా పీల్చి, ఆ పొగంతా తాపీగా బహ్గత్ మొహం మీదకి ఊదింది. "ఇప్పుడు పీల్చానా?"

హాజీ తుల్బా గడ్డం నిమురుకున్నాడు. "సరే, ఈసారికి మేమంతా దయతలచి బల్ల ఉండనిస్తాం."

"దయ వద్దు హాజీ. తప్పు చేస్తే ఇలాగే పిలవండి, వచ్చి ఇలాగే విప్పుతాను. బల్ల మాట మాత్రం ఇంకెప్పుడూ ఎత్తకండి."

ఏ తగాదాలోనైనా చివరి మాట నష్టపోయినవాడిదే. అందుకని హాజీ వగ్దీ వైపు తిరిగాడు. "నీ మాటేంటి ఉస్తా?"

వగ్దీ లేచొచ్చి రతీబా చేతిలోంచి వేప్ అందుకున్నాడు. ఆ కాఫీ కొట్టులో అన్నదమ్ములు సైతం ఒకరు తాగిన హుక్కా గొట్టాన్ని ఇంకొకరు అరచేత్తో తుడవకుండా నోట పెట్టుకోరు. వగ్దీ తుడవలేదు. అందరూ చూస్తుండగా అలాగే నోట్లో పెట్టుకుని నిండా ఒక దమ్ము లాగాడు.

"బాగుంది ఖాల్తీ. స్టాండులో జనం ఎదురుచూస్తుంటారు, వెళ్లొస్తాను" అన్నాడు.