పేరు లేని అరవై కార్డులు

ఇన్నేళ్లుగా దీన్ని ఒక్కణ్నే మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

సూరత్‌లో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసేవాణ్ని. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఏప్రిల్‌లో రాజన్న మా దగ్గరికి వచ్చాడు. సూరత్ పక్కనున్న జోల్వాలో మగ్గాల మీద పనిచేసే మనిషి, మా జగిత్యాల వైపువాడు. ఆసుపత్రిలో చేర్చుకుంటే వెంట ఎవర్నీ రానివ్వడం లేదు. మాట పడిపోయిన మనిషి ఎవరో, ఏ ఊరో లోపలివాళ్లకు తెలియడం లేదు. అందుకని తన గదిలోనూ చుట్టుపక్కల గదుల్లోనూ ఉండే అరవై మందికి అరవై పోస్టుకార్డులు కావాలన్నాడు. ఒకవైపు ఎవరి పేరు, చిరునామా, ఇంటివాళ్ల నంబరు వాళ్లవి. రెండోవైపు గుజరాతీలో, ఈ మనిషికి బాగాలేకపోతే ఇంటికి కబురు చేయండి అని. జేబులో పెట్టుకుంటారట. వివరాలన్నీ నోటుబుక్కులో రాయించుకొచ్చాడు.

ఈ పని తెలిసినవాడెవడైనా కంప్యూటర్ నుంచి నేరుగా అచ్చయ్యే డిజిటల్ అనే చెబుతాడు. కొద్ది కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. సాయంత్రానికల్లా చేతికివ్వొచ్చు. ఆఫ్‌సెట్‌కు ప్లేటు చేయించాలి, సిరా ఆరాలి, పైగా అన్నిటి మీదా ఒకే అచ్చు పడుతుంది. వేలల్లో వేసేటప్పుడు అది మేలు. అరవైకి కాదు.

"జర జల్దీ కావాలె తమ్మీ. ఏ మిషన్ల అయితే మంచిగుంటది?" అని అడిగాడు.

"ఆఫ్‌సెట్ల వేపియ్యి అన్నా. డిజిటల్ది చెమటకు చెరిగిపోతది," అన్నాను.

అబద్ధం. చెరిగిపోదు.

డిజిటల్ మిషన్ కిటికీ లేని చిన్న ఏసీ గదిలో ఉండేది. దాన్ని నడిపే హితేష్ ముందురోజే జ్వరంతో, దగ్గుతో ఇంటికి వెళ్లాడు. ఆ గదిలో రెండు గంటలు కూర్చోవాలంటే నాకు భయం వేసింది. అంతే. ఆ మాటే చెప్పి ఉంటే రాజన్న వేరే దుకాణం చూసుకునేవాడు. ఎందుకు చెప్పలేదు? ఒక్కో గదిలో పదిమంది పడుకుని, రోజూ మగ్గాల దగ్గరికి వెళ్లొచ్చే మనిషి ముందు, ఒక ఖాళీ గదికి జడుస్తున్నానని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డానా?

నాలుగు రోజులు పడుతుందని, పేర్లు పెన్నుతో రాసుకోమని చెప్పాను. నమ్మి తలూపి వెళ్లాడు. మూడో రోజు దుకాణాలు మూసేయమని ఆర్డరు వచ్చింది. కార్డులు బల్ల మీద ఆరుతుండగానే యజమాని షట్టరు దించి తాళం వేశాడు. ఒక్కసారి తీయమని రెండుసార్లు ఫోన్ చేశాను. పోలీసులు పట్టుకుంటారని రానన్నాడు.

మళ్లీ తెరిచాక రాజన్న వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. తన గదిలో ఉండే లచ్చన్న పోయాడని చెప్పాడు. ఊపిరాడక రోడ్డు మీద పడిపోతే ఎవరో అంబులెన్సు ఎక్కించారట. ఫోను గదిలోనే ఉండిపోయింది. రాజన్న తనే జ్వరంతో లేవలేని స్థితి. ఏ ఆసుపత్రో తెలిసేసరికి తొమ్మిది రోజులైంది. అప్పటికే పేరు తెలియని మనిషిగా దహనం చేసేశారు. ఆ తొమ్మిది రోజులూ ఊళ్లో ఆయన భార్య గంగవ్వ ఆ ఫోనుకు చేస్తూనే ఉందట, ఎక్కడున్నాడో చెప్పడానికి రాజన్నకే తెలియదు.

కార్డుల కట్ట చేతికిచ్చాను. అందులో లచ్చన్న కార్డు ఏదని చెప్పడానికి కూడా లేదు. అన్నిటి మీదా పేరు చోటు ఖాళీ.

"నువ్వేం జేస్తవ్ తమ్మీ. దుకాణాలే బందాయె," అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. ఆ మాట చాటునే ఇన్నాళ్లూ దాక్కున్నాను.

కార్డు ఉంటే లచ్చన్న బతికేవాడా? బతికేవాడు కాదేమో. కానీ గంగవ్వకు కబురు అందేది. తన మనిషి ఎక్కడున్నాడో తెలిసేది. రాజన్న ఊరికి వెళ్లిపోయాడు, నంబరు కలవడం లేదు. కలిస్తే చెబుతానా? ఆ నమ్మకమూ నాకు లేదు.

డిజిటల్‌లో వేసి ఉంటే కార్డు ఆ సాయంత్రమే లచ్చన్న జేబులో ఉండేది. సాయంత్రానికే అయిపోతుందని నాకు ఆ రోజే తెలుసు. తెలిసే అబద్ధమాడాను. ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు. ఇప్పుడు అన్నాను.