పర్ర బురదలో మోదుగాకు

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా మా నాన్న, తాతయ్య ఒకే ఇంట్లో ఉంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. రాయ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. తాతయ్య పక్క గదిలోనే ఉన్నా, "తాతయ్యని అన్నానికి రమ్మను" అని నాన్న నాతో చెప్పేవాడు. "వస్తున్నానని చెప్పు" అని తాతయ్యా నాతోనే అనేవాడు. అందరికీ వినపడిన మాటనే నేను మళ్లీ చెప్పేదాన్ని. మొదట్లో అది ఆటలా ఉండేది. కొన్నాళ్లకి అన్నం దగ్గర కూర్చోవాలంటేనే బెరుకు పుట్టింది.

తాతయ్య కంటి ఆపరేషన్ కోసం మా దగ్గరికి వచ్చాడు. బాపట్ల అవతల, సముద్రానికి దగ్గర్లో ఉన్న మా ఊళ్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఊరి చివర మాకు కొంత పర్ర ఉండేది. పర్ర అంటే పోటుకి ఉప్పునీరు ఎక్కి, ఆటుకి దిగిపోయే బురద నేల. అందులో వరి పండదు. ఇలకూర లాంటి ఉప్పు మొక్కలు మాత్రం దట్టంగా పెరుగుతాయి. దాన్ని రొయ్యల చెరువులుగా తవ్విద్దామని ఊళ్లో ఉన్న మా బాబాయి పట్టుబట్టాడు. నాన్న సరేనన్నాడు. తాతయ్య ఒప్పుకోలేదు.

"బేకార్ జమీన్ నాన్నా అది. ఇక్కడ మందిర్ హసౌద్ వైపు పండే పొలాలే కొత్త రాజధానికి పోతున్నాయి. నువ్వేమో ఏమీ పండని దాన్ని పట్టుకుని కూర్చుంటానంటావు" అన్నాడు నాన్న.

"పండకపోతే ఏ పనీ చెయ్యనట్టేనా?"

"అయితే ఏం చేస్తోందో చెప్పు."

తాతయ్య మొదలుపెట్టేలోపే డ్యూటీకి టైమైందని నాన్న లేచి వెళ్లిపోయాడు. ఇద్దరి మధ్యా మాటలు ఆగింది ఆ రోజే.

తాతయ్య వస్తూ వస్తూ మూతున్న పాత పెయింటు డబ్బాలో పర్ర బురద తెచ్చుకున్నాడు. అందులో రెండు ఇలకూర మొక్కలు నిలబడి ఉన్నాయి. కదిపితే కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆంటీ "నాలీ పగిలిందా?" అని మురుగు కాలవ సంగతి అడగడానికి వచ్చింది. అమ్మ డబ్బాని వెనక వరండాలోకి మార్పించింది కానీ పారబొయ్యనివ్వలేదు.

డాక్టరు వంగొద్దన్నాడు కాబట్టి తాతయ్య చెప్పినవన్నీ నేనే చేసేదాన్ని. ఒకరోజు మోదుగాకులు రెండు తెమ్మన్నాడు. ఒకటి జామచెట్టు కింద మట్టిలో పాతించాడు. రెండోది డబ్బాలో, మోచేతి లోతున పెట్టించాడు. బురద పైన వేలెడు నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలని, ఆ నీళ్లలో కళ్లుప్పు వెయ్యాలని చెప్పాడు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మొక్క అడుగున ఎర్రబడిన ఆకొకటి తుంచి నోట్లో పెట్టుకోమన్నాడు. ఉప్పగా ఉంది. వేరు తాగిన ఉప్పునంతా ముసలి ఆకుల్లో దాచి, ఆ ఆకుల్ని రాల్చేసి తక్కినది బతుకుతుందట. నాకు అది కాస్త క్రూరంగా అనిపించింది. ఆ మాటే అంటే, "మొక్కకి అలా తెలియదులే" అన్నాడు.

వానలు వెలిశాక ఒక ఆదివారం, నాన్న వరండాలో పేపర్ చదువుకుంటుండగా, పాతినవి తియ్యమన్నాడు తాతయ్య. జామచెట్టు కింద ఎంత తవ్వినా ఆకు కనపడలేదు. పుల్లలాంటి తొడిమ ముక్క ఒకటి దొరికింది, అంతే. డబ్బాలో చెయ్యి పెట్టాను. ఆకు తగిలింది. బయటికి తీసి నీళ్లతో కడిగితే నల్లబడి, మెత్తబడి ఉంది గానీ ఈనెలతో సహా ఆకు ఆకులాగే ఉంది.

తాతయ్య నాకే చెబుతున్నట్టు చెప్పాడు. ఆకు గాలిని తిని పెరుగుతుంది. గాలిలోని బొగ్గుసారమే, అంటే కార్బనే, ఆకుగా, కాండంగా, వేరుగా మారుతుంది. మామూలు మట్టిలో పురుగూ బూజూ దాన్ని తినేస్తే ఆ సారం మళ్లీ గాలిలో కలిసిపోతుంది. ఉప్పునీళ్లు నిండిన బురదలోకి గాలి చొరబడదు, అందుకని అక్కడ కుళ్లడం చాలా నెమ్మది. ఏటేటా చచ్చిన వేళ్ల మీద కొత్త బురద పేరుకుని, పాతది అడుగున అలాగే ఉండిపోతుంది. ఎగువ పొలాల్లో చల్లిన ఎరువులు మురుగు కాలవల్లో కొట్టుకొస్తే, వాటినీ కొంత ఈ మొక్కలే తాగి తమలో పెట్టుకుంటాయి, సముద్రం దాకా పోనివ్వవు. తవ్వి గాలి తగిలించామా, ఎన్నో తరాలుగా దాచినదంతా పైకి లేచిపోతుంది.

నాన్న పేపర్ మడిచి పక్కన పెట్టాడు. తర్వాత వచ్చి, నా చేతిలోంచి ఆకు తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఎంత లోతుంటుంది నాన్నా, అక్కడ బురద?" అన్నాడు. ఈసారి మాట నా ద్వారా వెళ్లలేదు.

"మా నాన్న గెడ వేసి చూశాడు. అడుగు తగల్లేదు."

తాతయ్య "నేను చెప్తే విన్నావా" అనలేదు. నాన్న వైపు గట్టిగా చూడను కూడా లేదు. కూర్చున్న బల్ల మీద కొంచెం పక్కకి జరిగాడు. నాన్న ఆ ఖాళీలో కూర్చున్నాడు. అమ్మ టీ తెచ్చింది. ఇద్దరూ బాబాయి సంగతి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

మరుసటి వారం నాన్న ఫోన్ చేసి, పర్ర తవ్వడానికి తనకీ ఇష్టం లేదని బాబాయికి చెప్పాడు. బాబాయి కోపగించుకుని కొన్నేళ్లు మా ఇంటికి రాలేదు. చుట్టుపక్కల వాళ్లు తవ్వారు, కొందరు బాగుపడ్డారు కూడా. మాది అలాగే ఉంది. తాతయ్య పోయి చాలా కాలమైంది. నాన్నకి ఆ నిర్ణయం మీద సందేహం వచ్చిన రోజులు లేకపోలేదు. అప్పుడప్పుడు పైకే అనేవాడు, మళ్లీ తనే ఊరుకునేవాడు.

బొగ్గుసారం గురించి తర్వాత నేను కాలేజీలో ఇంకా వివరంగా చదువుకున్నాను. అందులో చాలా భాగం మరిచిపోయాను. ఇప్పుడు నా ఇంట్లోనూ వాదనలు జరుగుతాయి. కొన్నిసార్లు నా మాటే నిజమవుతుంది. అప్పుడు నాలిక చివరి దాకా వచ్చిన మాటని ఆపుకుని, ఎదుటివాళ్లు వచ్చి కూర్చోవడానికి కొంచెం పక్కకి జరుగుతాను. అది ఇప్పటికీ నాకు తేలిగ్గా రాదు.