పదకొండు గంటలకు పడిపోయే బ్రేకర్

పదవీ విరమణకు ముందటి ఏడాది, ఎండాకాలం చివర్లో నేను గద్వాల కరెంటు ఆఫీసు టౌన్ సెక్షన్‌లో సబ్ ఇంజనీరుగా ఉన్నాను. లైన్‌మన్లకు పని అప్పగించడం, ఫిర్యాదులు సరిచూడడం నా బాధ్యత. మా శాఖ పూచీ మీటరు వరకే. మీటరు దాటిన వైరింగు ఇంటివాళ్లది. అయినా నరసింహులు అనే చేనేత కార్మికుడు తన ఇంట్లో బ్రేకర్ పడిపోతోందని రెండుసార్లు ఆఫీసుకు వచ్చాడు. మా లైన్‌మన్ వెళ్లి మీటరు దగ్గర ఓల్టేజి చూసి, అంతా సరిగానే ఉందని రాశాడు.

మూడోసారి వచ్చినప్పుడు నరసింహులు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేడం, పెండ్లి చీర మగ్గం మీదున్నది. పది దినాలల్ల ఇయ్యాలె. దినాం కరెంటు పోయి పరేషాన్ అయితున్న. రేపు మా బామ్మర్ది వస్తుండు. బ్రేకర్ పీకేసి డైరెక్ట్ ఇస్త అంటుండు."

ఆ చివరి మాట వినగానే, రేపు పొద్దున నేనే వస్తానని, అప్పటిదాకా దేన్నీ ముట్టుకోవద్దని చెప్పాను.

ఇంటి పెట్టెలో బ్రేకర్లు రెండు రకాలు. మొదటిది లోడు ఎక్కువైనా, వైర్లు ఒకదానికొకటి తగిలినా పడుతుంది. నేను గోపాల్‌పేటలో ఉన్నప్పుడు చూసినవి ఎక్కువగా ఇవే. ఒకే బోర్డుకు నీళ్ల హీటరు, ఇస్త్రీపెట్టె తగిలించేవాళ్లు. బ్రేకర్ పడితే ఇంకా పెద్దది పెట్టించేవాళ్లు. అప్పుడు బ్రేకర్ నిలబడి, గోడలోని సన్న వైరు కాలేది. రెండో రకానికి టెస్ట్ అని రాసిన చిన్న బటన్ ఉంటుంది. వెళ్లిన కరెంటంతా తిరిగి రాక, కొంచెం నేలలోకి కారినా అది పడిపోతుంది. నరసింహులు ఇంట్లో పడుతున్నది ఈ రెండోదే.

మగ్గం ముందుగదిలో ఉంది. గుంత మగ్గం. నేసే మనిషి కాళ్లు గుంతలో ఉంటాయి. చీరలో డిజైను తీసే జాకార్డును పైకెత్తడానికి చిన్న మోటారు పెట్టుకున్నారు. కరెంటు పోతే అది మధ్యలో ఆగి పూల బుటాల వరస తప్పుతుంది, నేసింది విప్పుకోవాలి.

పద్ధతి ప్రకారం ప్లగ్గులన్నీ తీయించాను. బ్రేకర్ నిలబడింది. తరువాత ఫ్రిజ్, మిక్సీ, కూలరు, మోటారు ఒక్కొక్కటీ పెట్టించాను. దేన్ని పెట్టినప్పుడు పడితే అదే దోషి. కానీ దేనికీ పడలేదు. అంతలో బామ్మర్ది శేఖర్ జేబులో కటింగ్ ప్లేయరుతో దిగాడు. కాసేపు చూసి నవ్వాడు. "మేడం, గంట సంది చూస్తున్నరు. ఏం లేదు, బ్రేకరే ఖరాబు. రెండు నిమిషాలల్ల డైరెక్ట్ చేస్త."

ముప్పై ఏళ్ల సర్వీసు పెట్టుకుని టీ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాను.

అప్పటిదాకా గడప దగ్గర నూలు కండెలు చుడుతూ ఉన్న సావిత్రి, నరసింహులు భార్య, తల ఎత్తింది. "గిది గిప్పుడెందుకు పడ్తది మేడం? పదకొండు అయితేనే పడ్తది."

"ఆ టైముకు నువ్వు ఏం చేస్తావమ్మా?" అని అడిగాను.

"ఎండ ముదిరితే నూలు పోగు తెగుతది. గందుకే గుంతల, సుట్టుముట్టు నీళ్లు చల్లుత."

మగ్గం దగ్గర కూర్చున్న నరసింహులును గుంతలోంచి పైకి రమ్మన్నాను. సావిత్రి చెప్పులు వేసుకుని, దూరం నుంచి చెంబుతో రోజూలాగే చల్లింది. రెండు క్షణాల్లో టక్కుమని బ్రేకర్ పడింది. ఇల్లంతా నవ్వులు. ఏ ఇంట్లోనూ కరెంటు పోయినందుకు అంత సంతోషించడం నేను చూడలేదు.

మెయిన్ ఆపి గుంత అంచున గోనెపట్టా ఎత్తాం. దాని కింద మోటారు వైరు. తొక్కుడు కర్ర రాసుకుని పైతొడుగు అరిగి, రాగి తీగ బయటపడి ఉంది. పొడిగా ఉన్నంతసేపు ఏమీ లేదు. తడి తగలగానే కరెంటు నేలలోకి దిగుతోంది.

నరసింహులు తన పాదాల వంక చూసుకున్నాడు. "అంటే బ్రేకర్ లేకపోతే..."

"నీ కాళ్లలోంచి దిగేది" అన్నాను.

శేఖర్ కటింగ్ ప్లేయర్ తీశాడు గానీ, ఈసారి పాత వైరు కోయడానికి. "నాకు తెల్వదు మేడం. ఎట్ల చేయాల్నో చెప్పుండ్రి, నేనే చేస్త." ఆ మధ్యాహ్నం అతనితోనే కొత్త వైరును పైపులో గోడ మీదుగా వేయించాను, ప్లగ్గును ఛాతీ ఎత్తుకు మార్పించాను. ఎర్త్ వైరు తెగిందేమో ఎలా చూడాలో చూపించాను. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కమని, నొక్కినా పడకపోతే బ్రేకర్ మార్చమని సావిత్రికి చెప్పాను. ఆమె వెంటనే నొక్కి, బ్రేకర్ పడగానే చప్పట్లు కొట్టింది.

చీర గడువుకు రెండు రోజుల ముందే మగ్గం దిగింది.

నేను పరికరాలను పరీక్షించాను గానీ, ఇంట్లో మనుషులను అడగలేదు. తరువాతి వారం మా ఫిర్యాదుల రిజిస్టరులో ఒక గడి కొత్తగా గీయించాను: "పడిపోయే ముందు ఇంట్లో ఏం చేస్తున్నారు?" మొదట లైన్‌మన్లు విసుక్కున్నారు. నెల తిరిగేసరికి, సగం ఫిర్యాదులకు కారణం ఆ గడిలోనే దొరుకుతోందని వాళ్లే చెప్పారు.