ఆరు సంచుల రంపపు పొట్టు

ఆ రోజుల్లో బంద్ అంటే ఒకరికి పోరాటం, ఇంకొకరికి పరేషాన్. నాకు మాత్రం (చెప్పుకోవడానికి ఇప్పుడు కాస్త సిగ్గుగానే ఉంది) చెక్కపని. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న కాలం అది. గచ్చిబౌలి ఆఫీసుకు బస్సు రాదని ముందురోజే కబురొచ్చేది. లింగంపల్లిలో ఒక ఇంటి మేడ మీది ఒంటిగదిలో నేనూ, విడిభాగాలు తెప్పించుకుని నేనే బిగించుకున్న ఒక మిషనూ కాపురం ఉండేవాళ్లం. కంప్యూటర్‌లో గీసిన పువ్వును అది చెక్క మీద చెక్కేది. పువ్వు అరచేతిలో పట్టేంత. దానికోసం రాలే పొట్టు మాత్రం గదంతా పరుచుకుని, కిటికీ దాటి, ఓనరాంటీ మేడ మీద ఆరబెట్టిన వడియాల మీద వాలేది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నంలో వడియం నమిలిన అంకుల్ "గిదేందే, టేకు వాసనొస్తుంది" అన్నారట. ఆంటీ నేరుగా పైకి వచ్చింది. "ఓ ఇంజనీర్ సారూ, పదిహేను రోజులు చూస్త. ఇగ గా పొట్టు బయట కనవడ్డదనుకో, నీ మిషనన్న పోవాలె, నువ్వన్న పోవాలె."

"అలాగేనండి. ఇంకేమైనా షరతులు ఉన్నాయాండీ?" అని కాగితం తీశాను. (జాబితా లేకపోతే నాకు ఊపిరాడదు.)

"షరతులంట. కాయితం తీసిండు సూడు" అని మెట్ల మీదుగా అంకుల్‌కు చెబుతూ దిగిపోయింది.

ఆ గది పోతే మిషన్ పెట్టుకోనిచ్చే ఇల్లు నాకు ఇంకెక్కడా దొరకదు. అంతకుముందు కూకట్‌పల్లిలో నాలుగిళ్ల వాళ్లు దాని చప్పుడు వినగానే తలుపేశారు. అందుకే పట్టుదలగా మొదలుపెట్టాను. మొదటి ప్రయత్నం, మిషన్ చుట్టూ ప్లాస్టిక్ తెర. పొట్టు లోపలే ఉంది, నిజమే, కానీ లోపల ఏం జరుగుతోందో కనబడక పువ్వుతో పాటు బల్లను కూడా చెక్కేశాను. రెండోది, కత్తి పక్కన పైపు పెట్టి వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చడం. పది నిమిషాలకు దాని సంచి నిండి ఆయాసపడింది. మూడోది, బూట్ల బ్రష్షు కుచ్చు పీకి కత్తి చుట్టూ పావడాలా అంటించడం. ఇది బాగా పనిచేసింది (బూట్లు మాత్రం ఆ నెలంతా మురికిగానే ఆఫీసుకు వెళ్లాయి). నాలుగోది నా గర్వకారణం. మిషన్‌కూ క్లీనర్‌కూ మధ్య మూత బిగించిన పెయింటు బకెట్ పెట్టాను. గాలి అందులో సుడి తిరుగుతుంది, పొట్టు అడుగుకు చేరుతుంది, ఉత్త గాలి క్లీనర్‌కు పోతుంది. ప్రతిసారీ పట్టిన పొట్టును తూకం వేసి, సంచిలో పోసి, తేదీ, చెక్క పేరు, రాలినదాంట్లో ఎంత దొరికిందో శాతం రాసి అంటించేవాడిని. పాతదీ కొత్తదీ కలిపి ఆరు సంచులయ్యాయి.

పద్నాలుగో రోజు పైపులో చెక్కపెచ్చు ఒకటి అడ్డం పడింది. క్లీనర్ పీల్చిన పీల్పుకు బకెట్ పొట్ట లోపలికి పోయింది, మూత ఎగిరింది, పొట్టంతా కిటికీలోంచి వెళ్లి ఆంటీ ఉతికి ఆరేసిన గులాబీ చీర మీద పడింది. మర్నాడు కాలనీ రోడ్డు మీద వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ అక్కడే తినే నిరసన అది. దానికోసం ఉతుక్కున్న చీర. ఆంటీ చీర తీసి దులిపి, మళ్లీ నానబెట్టింది. తిట్టుంటే బాగుండేది. నేను లోపలికి వెళ్లి "గది ఖాళీ చేయుట" అనే జాబితా మొదలుపెట్టాను.

తెల్లవారుజామున అకాల వాన దంచి కొట్టింది. నేను మరలూ బోల్టులూ సైజుల వారీగా సర్దుతుంటే ఆంటీ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సర్దుతున్నానండి. సాయంత్రంలోగా..."

"గది తర్వాత. ఆ సంచులల్ల ఏముంది?"

"పొట్టండి. ఒక్కో ప్రయత్నంలో ఎంత శాతం..."

"ఎండిందేనా?"

"బాగా ఎండిందేనండి. తేమ తగలకుండా మూతి కూడా కట్టాను."

"కట్టెలన్నీ తడిసినయ్. రెండు గంటల సంది ఊదుతున్నం, పొగ తప్ప మంట లేదు. ఎత్తుకో సంచులు."

"అవి నా ప్రయోగం వివరాలండి" అన్నాను నీరసంగా.

"వివరాలు కాయితం మీద ఉన్నయిగా. ఎత్తు."

రోడ్డు మీద ఆంటీ ఖాళీ నూనె డబ్బాకు కింద పక్కన బెజ్జం పెట్టించింది. మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టించి, సీసా లాగేసి, కింద నుంచి నిప్పు పెట్టింది. పెళ్లయిన కొత్తలో అదే పొయ్యి మీద వండిందట. గాలి ఎటు పోవాలో నేను రెండు వారాలుగా బొమ్మలు గీస్తున్నాను, ఆమె ఒక సీసాతో తేల్చేసింది. నాలుగు డబ్బాలు ఎర్రగా రాజుకున్నాయి. పప్పు ఉడికింది, అన్నం ఉడికింది, తొంభై ఒక్క శాతం అని రాసిన నా చీటీ కూడా పొయ్యిలోనే పోయింది.

విస్తర్లు వేశాక నేను జారుకోబోయాను. వడ్డిస్తున్న పెద్దాయన అడిగాడు, "ఏ ఊరు తమ్మీ నీది?" మాది తెనాలి. నోరు విప్పితే "అండి" బయటపడుతుందని నీళ్లు నములుతున్నాను. ఆంటీ గరిటె ఆపకుండానే అంది, "మా మేడ మీదూరు. పప్పు వెయ్యి."

మేడ మీదూరి వాడిని మూడుసార్లు మారు వడ్డించుకుని తిన్నాను.

సాయంత్రం ఆంటీ పాత ఇనుప బియ్యం డబ్బా మోయించుకుని పైకి వచ్చింది. "ఇది సొట్ట పడదు, నీ పైపులు దీనికి పెట్టు. ఇంకో ముచ్చట, ఒక్క రవ్వ గాలికి పోనియ్యకు. గా పొట్టంత నాకే కావాలె." అలా అయిదో ప్రయత్నం నూటికి తొంభై ఎనిమిది పట్టింది. (మిగతా రెండు నా జుట్టులో ఉండేవి.)

ఇప్పుడు సొంత ఫ్లాట్, కొన్న మిషన్, దానితోనే వచ్చిన పొట్టు పీల్చే యంత్రం. బయటికి ఒక్క రేణువు రాదు, పక్కింట్లో వడియాలూ లేవు. జాబితాలో అన్నిటికీ టిక్కులు పడ్డాయి. అయినా నింపిన సంచికి మూతి బిగించి కట్టి, చీటీ మీద "వేప, బాగా ఎండింది" అని రాసి గుమ్మం పక్కన పెడతాను. ఎవరైనా మెట్లెక్కి వచ్చి, ఎండిందేనా అని అడుగుతారేమోనని.