ఆల్చిప్పల ఉద్ధారకుడు

ఆదోనిలో రిటైరైన లెక్చరర్ శ్రీపాదరావుకు ముందు మడి ముఖ్యం, ఆ తర్వాత మైకు. గొంతు సవరించుకోకుండా భార్య అంబాబాయిని మంచినీళ్లైనా అడగడు. తుంగభద్రలో ఆల్చిప్పలు అంతరించిపోతున్నాయని ఎక్కడో చదివి, ఈ వేసవిలో వాటిని ఉద్ధరించడానికి నడుం కట్టాడు. ఎండిపోతున్న మడుగులోంచి కూలీలతో ఏరించి, ఇత్తడి పళ్లెంలో పేర్చి, పసుపు కుంకుమలు చల్లి, మంత్రాలయం దగ్గర నది ఒడ్డున పెట్టించాడు. నీళ్లలో వదిలేముందు నాలుగు మాటలు చెబుతానన్నాడు. ఎండ నడినెత్తికెక్కినా ఆ నాలుగు మాటలూ అయిపోలేదు. పళ్లెంలో ఆల్చిప్పలు ఒక్కొక్కటే నోళ్లు తెరిచాయి.

"చూడండప్పా! మూగజీవాలు గూడా నోరు తెరుచుకొని వింటాండాయి!" అని ఒకదాన్ని చేతిలోకి తీసుకుని జనానికి ఎత్తి చూపించాడు.

"వినేది కాదండీ, చచ్చిపోయినాయి" అంది గొడుగు కింద కూర్చున్న అంబాబాయి.

అతని చేతిలోది జారి పడింది. మొహం పాలిపోయింది. ఆ బాధ చూసి, పోనీలే, ఈయనా మనిషేనని అంబాబాయి మెత్తబడబోయింది. అంతలోనే శ్రీపాదరావు గబగబా నదిలోకి దిగి, చచ్చినదాన్ని ముట్టుకున్న మైల పోయేదాకా మునిగి మునిగి లేచాడు.